నా సవతి, మా ఆయన కుడిచెయ్యి

సవతి అనగానే ఎవరో ఆడమనిషి అనుకునేరు. ఈ కథలో ఆడమనిషి కూడా ఒకావిడ ఉంది, ఆవిడ సంగతి తర్వాత చెబుతాను. నా సవతి మాత్రం మా ఆయన కుడిచెయ్యి. నవ్వాలనిపిస్తే నవ్వండి. పొద్దున్నే లేచి మంచం మీద కూర్చుని, తన కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని, "ఏం, ఎలా ఉన్నావు ఇవాళ?" అని దాన్ని పలకరించే మగాణ్ణి మీరెక్కడైనా చూశారా? నేను చూశాను. పక్కనే దుప్పటి కప్పుకుని పడుకుని, కళ్ళు మూసుకుని, పళ్ళు నూరుకుంటూ విన్నాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ మాట నన్ను ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు.

మా ఆయన్ని వీధిలో అందరూ అద్దాలాయన అంటారు. గాజు కోయడం ఆయన పని. కిటికీలకీ, ఫొటోలకీ, సెలూన్లలో గోడలకీ, బీరువా తలుపులకీ ఎవరికి ఏ కొలత కావాలన్నా కోసి ఇస్తాడు. కొట్టు మా మామగారు పెట్టింది. ఇప్పుడు మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, నడుపుతున్నారు. మధ్య గదిలో పెద్ద బల్ల మా ఆయనది. వెనక గదిలో కూర్చుని ఫ్రేములకు మేకులు కొట్టేది నేను. ముందు గల్లా దగ్గర మా తోడికోడలు కూర్చుంటుంది. ఆవిణ్ణి నోరారా అక్కయ్యా అని పిలుస్తాను. ప్రేమ అక్కడితో సరి.

మా ఆయనది తక్కువ మాట్లాడే నోరు. నేను గంటసేపు చెబితే "ఊఁ" అంటాడు. ఇంకో గంట చెబితే ఇంకో "ఊఁ". చెడ్డవాడు కాదు, తాగడు, తిట్టడు, ఇంటికొచ్చిన వాళ్ళని కూర్చోమంటాడు. కానీ ఆ మనిషి ప్రాణమంతా ఆ బల్ల మీదే ఉండేది. బల్ల ముందు నిలబడితే ఆయన ఎత్తు కూడా పెరిగినట్టుండేది.

గాజు పనిలో ఒక నియమం ఉంది. గీత ఒక్కసారే గీయాలి, గాజు పలక విరిగేది ఆ గీత వెంటే. కట్టర్‌ని కిరోసిన్‌లో ముంచి, స్కేలుకు ఆనించి, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఆగకుండా లాగాలి. లాగుతుంటే సన్నగా చప్పుడు వస్తుంది, కొత్త గుడ్డ చింపుతున్నట్టు. ఆ చప్పుడు మొదట్నుంచి చివరి దాకా ఒకేలా ఉంటే గీత సరిగ్గా పడినట్టు. మధ్యలో ఆగినా, అదే గీత మీద మళ్ళీ లాగినా పలక ఎటు పగులుతుందో ఎవరికీ తెలియదు. అందుకే ఆగిపోయిన పలకని ఎంత మంచి పనివాడైనా పక్కన పెట్టేస్తాడు. తర్వాత దాన్ని చిన్న ముక్కలుగా కోసి చిన్న ఫ్రేములకు వాడుకోవాల్సిందే.

అలాంటి చెయ్యి ఒకనాడు పలక మధ్యలో ఆగిపోయింది.

నొప్పి లేదు, వాపు లేదు, వణుకు లేదు. ఆ చేత్తోనే అన్నం తినేవాడు, చొక్కా గుండీలు పెట్టుకునేవాడు, నా మీద కోపం వస్తే తలుపు దడాలున వేసేవాడు. కట్టర్ పట్టుకుని పలక సగానికి వచ్చేసరికి మాత్రం చెయ్యి బిగుసుకుపోయి ఒక్క అంగుళం కదిలేది కాదు. మొదట్లో నేనే వేళాకోళం చేశాను, "ఏమయ్యా, దారిలో టీ కోసం ఆగిందా?" అని. ఆయన కూడా నవ్వాడు. తర్వాత తర్వాత నవ్వు పోయింది. ఆగిపోయిన పలకలు వెనక గదిలో గోడకి ఆనించి వరసగా పెరిగిపోయాయి. నేను కొడుతున్నవన్నీ అరచేతంత ఫ్రేములే. ఊళ్ళో వాళ్ళందరి పెళ్ళి ఫొటోలూ చిన్నవైపోతాయేమో అనిపించింది.

ఎముకల డాక్టరు బాగానే ఉందన్నాడు. నరాల డాక్టరు సూదులు గుచ్చి చూసి ఇంకా బాగుందన్నాడు. "అంత బాగుంటే ఎందుకండీ ఆగుతోంది?" అని నేను గట్టిగా అడిగేసరికి, "మనసు డాక్టరమ్మ ఒకావిడ ఉంది, హిప్నాటిజంతో కూడా వైద్యం చేస్తుంది, వెళ్ళి చూడండి" అన్నాడు.

ఈలోగా డాన్సు స్కూలు వాళ్ళు వచ్చి గోడ పొడుగునా అద్దాలు కావాలన్నారు. మనిషి ఎత్తు పలకలు. మా బావగారు ఆ సాయంత్రం మా ఆయన్ని పిలిచి, ఎటో చూస్తూ చెప్పారు.

"చూడరా, ఆ అద్దాలు వచ్చేనాటికి నీ చెయ్యి దారికొస్తే సరే. రాకపోతే బయటి నుంచి కోసేవాణ్ణి తెస్తాను. నువ్వు ముందు గల్లాలో కూర్చో. మనింట్లో పనే కదా, ఏదైతేనేం."

"మరి నేనెక్కడ కూర్చోవాలి?" అంది మా తోడికోడలు. ఆవిడ గోల ఆవిడది. నా గోల నాది. గల్లాలో కూర్చుంటే వచ్చినవాళ్ళతో కబుర్లు చెప్పాలి, బేరాలాడాలి, నవ్వాలి. ఈ మనిషిని తీసుకెళ్ళి అక్కడ కూర్చోబెడితే నెల తిరిగేసరికి ఏమవుతాడో నాకు తెలుసు. ఆ బల్ల పోతే ఆయన నాకు మిగలడు.

అందుకని డాక్టరమ్మ దగ్గరికి వెళ్దామన్నది నేనే. ఇది గుర్తుంచుకోండి, పంపింది నేనే.

వెళ్ళేముందు మా తోడికోడలు నన్ను పక్కకి లాగింది. "నాకెందుకులేమ్మా, నేనేమీ అనను. హిప్నాటిజం అంటే కళ్ళల్లోకి చూస్తారట. ఒకసారి చూశారంటే ఇంక వాళ్ళెలా ఆడిస్తే అలా ఆడాలట. అదీ ఆడమనిషి. నీ ఇష్టం మరి."

ఏమీ అననని చెప్పి అనాల్సిందంతా అనేసింది. దారి పొడుగునా మా ఆయనకి నూరిపోశాను, "ఆవిడ కళ్ళల్లోకి మాత్రం చూడకు, గోడ వైపు చూడు, నేల వైపు చూడు, నీ ఇష్టం" అని. "ఊఁ" అన్నాడు.

చెప్పుల దుకాణం పైన రెండో అంతస్తులో గది. నేనేదో దీపాలూ తెరలూ ఉంటాయనుకున్నాను. రెండు పేము కుర్చీలు, ఒక బెంచీ, కిటికీలో నీళ్ళు పోయక వాడిన మొక్క. డాక్టరమ్మని చూసి మరీ దిమ్మెరపోయాను. నాకంటే పెద్దది. జుట్టు సగం నెరిసింది, జలుబు చేసి ముక్కు ఎర్రబడింది, చేతిలో రుమాలు. అందగత్తె అయినా బావుండేది, ఎందుకు కుళ్ళుకుంటున్నానో నాకు నేను చెప్పుకోగలిగేదాన్ని.

మా ఆయన నేను చెప్పినట్టే తన మోకాళ్ళ వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆవిడ గొలుసూ గట్రా ఏమీ ఊపలేదు, కళ్ళల్లోకి చూడమని అడగలేదు. ముక్కు తుడుచుకుని, "బాగు చెయ్యడం సంగతి తర్వాత చూద్దామండీ. అసలు మీ చెయ్యి ఏం చేస్తోందో తెలుసుకోవాలని నాకు చాలా కుతూహలంగా ఉంది. మీకూ ఉందా?" అంది.

మా ఆయన తలెత్తాడు. "నాకా?"

"మీకే. ఇన్నాళ్ళూ దాని మీద కోప్పడ్డారు. కాసేపు కోపం పక్కన పెట్టి, కొత్తగా చూస్తున్నట్టు చూడగలరా?"

రెండు చేతులూ ముందుకు చాపి, అరచేతులు ఎదురెదురుగా పెట్టమంది. ఇబ్బంది ఏ చేతిలో ఉన్నట్టుందని అడిగింది. కుడిచేతిలో అన్నాడు. "అయితే ఎడమచేతిలో ఏముంది?" అని అడిగింది. ఇదేం ప్రశ్న అనుకున్నాను. కానీ ఆయన ఆలోచించాడండీ! కళ్ళు మూసుకుని, నుదురు ముడేసి, వెతికి వెతికి, "నిదానం ఉంది" అన్నాడు. ఆ మాట ఆయన నోట నేను ఎప్పుడూ వినలేదు.

ఆవిడ గొంతు తగ్గించింది. ఏం మారాలో చేతులకే వదిలేయమంది, మీరు ఊరికే గమనిస్తూ ఉండండి అంది. చూస్తుండగానే ఆయన ఊపిరి నెమ్మదించింది, భుజాలు వదులయ్యాయి. కుడిచెయ్యి దానంతట అదే, ఎవరో కిందినుంచి లాగుతున్నట్టు, కొంచెం కొంచెంగా ఒడిలోకి దిగింది. నిద్రపోలేదు. ఆవిడ మాటకి తల ఊపుతూనే ఉన్నాడు.

"ఇప్పుడు కుడిచెయ్యి ఏం చేస్తోంది?"

ఆయన తల కొంచెం పక్కకి వంచాడు. తర్వాత చిన్నగా అన్నాడు. "వింటోందండి."

"వింటోందా!" అని గట్టిగా అరిచింది ఎవరో కాదు, నేనే. "నేను అరిచి గీపెట్టినా ఈ మనిషికి చెవులే వినవు, చెయ్యి వింటోందట!"

మా ఆయన కళ్ళు తెరిచాడు. డాక్టరమ్మకి కోపం రాలేదు. నవ్వి, వచ్చేవారం నుంచి ఆయన ఒక్కరే వస్తే బాగుంటుందేమో అంది. అంటే నన్ను మర్యాదగా బయటికి పంపింది.

తిరిగి వస్తుంటే బజారంతా జనం. ఎప్పటిలాగే నేను ఆయన కుడి పక్కన నడుస్తున్నాను, ఎదురొచ్చే సైకిళ్ళనీ సంచుల్నీ మోచేత్తో తప్పించుకుంటూ. కాసేపు ఓర్చుకున్నాను, ఇంక నావల్ల కాలేదు.

"కళ్ళు మూసుకుని ఏం చూశావయ్యా?"

"ఏమీ లేదు."

"ఆవిడకైతే చెప్పావుగా."

"ఆవిడ అడిగింది."

"నేనడగలేదా? రోజూ అడుగుతున్నానుగా!"

"నువ్వు ఎప్పుడు బాగవుతుందని అడుగుతున్నావు," అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ సాయంత్రం ఇంట్లో గిన్నెలన్నీ గట్టిగానే చప్పుడు చేశాయి.

మరుసటి వారం ఆయన డాక్టరమ్మ దగ్గరికి ఒక్కడే వెళ్ళాడు. నేను వెనక గదిలో మేకులు కొడుతూ కూర్చున్నాను. చేతులు పని మీద ఉన్నాయి గానీ కళ్ళ ముందు ఆ పేము కుర్చీలే. ఈపాటికి చేతులు చాపి ఉంటాడు. ఈపాటికి ఆవిడ ఏదో అడిగి ఉంటుంది. ఈయనగారు వెతికి వెతికి జవాబు చెబుతూ ఉంటాడు. నాకు దొరకని మాటలన్నీ అక్కడ పోగుపడుతున్నాయి. అంతే, సుత్తి జారి ఎడమ బొటనవేలి మీద పడింది. ప్రాణం కళ్ళల్లోకి వచ్చింది. చూస్తుండగానే గోరంతా నల్లబడింది.

గుడ్డపీలిక చుట్టుకుని ఇంటికి వచ్చాను. ఆయన వెలిగిపోయే మొహంతో వచ్చాడు. "ఇవాళ చెయ్యి దానంతట అదే పైకి లేచింది తెలుసా?" అన్నాడు. నాతో తనంతట తానే మొదలుపెట్టి చెప్పిన మాట అది. మామూలప్పుడైతే పొంగిపోయేదాన్ని. కాఫీ గ్లాసు ఆ కట్టుకట్టిన వేలితోనే, వేలు ఆయన కళ్ళకి కనబడేలా, ముక్కు ముందుకి పెట్టి ఇచ్చాను. అందుకున్నాడు. తాగాడు. "బాగుంది" అన్నాడు. కాఫీ!

అప్పటినుంచి మొదలయ్యాయి ఆ పలకరింపులు. పొద్దున్నే చేతిని ఒళ్ళో పెట్టుకోవడం, ఎలా ఉన్నావనడం, అది చల్లగా ఉందో వెచ్చగా ఉందో కనుక్కోవడం. డాక్టరమ్మ ఇంటి దగ్గర చెయ్యమందట. చేతి మీద కోపం పోయి కుతూహలం వచ్చిందట. బల్ల మీద వేళ్ళు పెట్టి కళ్ళు మూసుకునేవాడు. గాజుని తట్టి చెవి ఆనించేవాడు. ఒకనాడు కొట్లో పని మధ్యలో ఆపేసి, గోడవార ఉన్న మెషిన్ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. గాజు అంచులు నున్నగా చేసే మెషిన్ అది. మా బావగారు ఈమధ్యే ముచ్చటపడి కొన్నది, రోజంతా గుర్రుమంటూ తిరుగుతూనే ఉంటుంది.

"అన్నయ్యా, ఇది వచ్చినప్పటి నుంచే," అన్నాడు.

"ఏమిటిరా?"

"ఇది వచ్చినప్పటి నుంచే నా చెయ్యి ఆగుతోంది. గీత చప్పుడు వినబడట్లేదు. చెయ్యి ఆ చప్పుడు కోసం ఆగి వింటోంది."

మా బావగారు మొహం చిట్లించారు. చివరికి మెషిన్ ఆపించారు. కొట్టంతా నిశ్శబ్దం. మా ఆయన పలక వేసి కట్టర్ లాగాడు. అందరం మెడలు సాచాం. చెయ్యి సరిగ్గా సగానికి వచ్చి ఆగిపోయింది.

"మెషిన్ ఆపినా ఆగిందిగా!" అన్నారు బావగారు, గెలిచినట్టు.

"అవును. దానికి ఆగడం అలవాటైపోయింది. ఇంకా వెతుక్కుంటోంది పాపం," అన్నాడు మా ఆయన. కోపంగా కాదు. బడినుంచి ఏడుస్తూ వచ్చిన పిల్లాడి గురించి చెప్పినట్టు చెప్పాడు. పాపం అట! నేను వెనక గదిలోకి వెళ్ళి ఫ్రేములతో పని చూసుకున్నాను.

డాక్టరమ్మ చేసేది నేనెందుకు చెయ్యలేను అనిపించింది. ఓ ఆదివారం మధ్యాహ్నం ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టాను. ఎదురుగా పీట వేసుకుని కూర్చుని, గొంతు తగ్గించి, ముక్కు కూడా ఒకసారి తుడుచుకున్నాను, ఆవిడలాగే. "మీ చేతులు బరువెక్కుతున్నాయి. మీ భుజాలు వదులవుతున్నాయి. మీ భార్య ఎలా ఉందో తెలుసుకోవాలని మీకు చాలా కుతూహలంగా ఉంది" అన్నాను. కళ్ళు మూసుకున్నాడు. నేను పీట ఇంకాస్త ముందుకి జరుపుకున్నాను. "ఇప్పుడు ఏం అడగాలనిపిస్తోంది?" అన్నాను. జవాబుగా గురక వచ్చింది. సిసలైన గురక, ఇల్లు ఎగిరిపోయేంత.

అప్పుడు పట్టుదల వచ్చింది. ఆవిడ దగ్గరికే వెళ్ళాను, ఒక్కదాన్నే, మా ఆయనకి చెప్పకుండా. తలుపు తీసి, కూర్చోమనకుండానే కూర్చున్నాను.

"మా ఆయన మీతో ఏం మాట్లాడుతున్నాడు?"

"అది ఆయనే చెప్పాలమ్మా. నేను చెప్పకూడదు."

"ఆయన చెబితే నేను మెట్లెక్కి ఎందుకొస్తాను?"

"కోపంగా ఉన్నారు."

"ఏమీ లేను."

"సరే," అంది ఆవిడ. "ఆ లేని కోపం ఏ చేతిలో ఉంది?"

కిందికి చూసుకున్నాను. రెండు పిడికిళ్ళూ బిగిసి ఉన్నాయి. "రెండు చేతుల్లోనూ ఉంది," అన్నాను. ఆవిడ ఫక్కున నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, దొంగమొహం నవ్వు. నవ్వేసరికి పిడికిళ్ళు విడిపోయాయి, బొటనవేలు బయటపడింది.

"అయ్యో, ఆ గోటికేమైంది?" అంది.

ఆ ఒక్క మాట. ఆ వేలితో కాఫీ ఇచ్చాను, ఆ వేలితో చొక్కాలు ఉతికాను, ఆ వేలిని ఆయన కళ్ళ ముందు ఎన్నిసార్లు ఆడించానో లెక్కలేదు. అడిగింది చివరికి ఈ మనిషి. నా గుండెలో ఎవరో కారం చల్లినట్టయింది. ఈవిడ నా మొగుడి మాటలూ తీసుకుంది, నా మొగుడు అడగాల్సిన మాట కూడా తీసుకుంది.

"తలుపులో పడింది," అన్నాను. ఆయన కోసం దాచుకున్న జవాబు ఈవిడకెందుకివ్వాలి?

ఆవిడ గుచ్చి గుచ్చి అడగలేదు. "మీకేం కావాలి?" అంది.

"ఆయన నన్ను అడగాలి."

"ఏమని?"

"ఏదో ఒకటి. ఆ చేతిని అడిగినట్టు. తెలుసుకోవాలని అడగాలి, కూర అయిందా అని కాదు."

"ఈ మాట ఆయనకి చెప్పారా?"

"చెప్పి అడిగించుకుంటే అది అడగడమా?"

డాక్టరమ్మ రుమాలు మడతపెట్టింది. కిటికీలో మొక్క వైపు చూసింది. "నిజమే," అంది. ఆవిడ దగ్గర కూడా జవాబు లేదని తెలిశాక నాకు కాస్త హాయిగా అనిపించింది. వచ్చేటప్పుడు ఆ మొక్కకి నీళ్ళు పోయమని చెప్పి వచ్చాను.

డాన్సు స్కూలు అద్దాలు రానే వచ్చాయి. బల్ల మీద దుప్పటి పరిచి మొదటి పలకని నలుగురు పట్టి పడుకోబెట్టారు. నాకంటే పొడుగ్గా ఉంది. మెషిన్ ఆపేశారు. మా బావగారు గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఆయన పక్కన స్టూలు మీద ఇంకొకతను కూర్చున్నాడు. చొక్కా జేబులోంచి అతని సొంత కట్టర్ పిడి బయటికి కనబడుతోంది. ఎందుకొచ్చాడో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇంత పెద్ద పలకకి స్కేలు కదలకుండా అవతలి కొస ఒకరు అదిమి పట్టాలి. ఆ పని ఎప్పుడూ నాదే. రెండు అరచేతులూ వేసి, ఒంటి బరువంతా పెట్టి పట్టుకున్నాను. మా ఆయన కట్టర్ ముంచాడు. వెంటనే మొదలుపెట్టలేదు. రెండు చేతులూ అద్దం మీద ఆనించి కళ్ళు మూసుకున్నాడు. ఊపిరి నెమ్మదించింది, భుజాలు దిగాయి. డాక్టరమ్మ గదిలో చూసిన మొహమే. స్టూలు మీదతను మా బావగారి వైపు చూశాడు.

నేను మాత్రం ఆ చేతినే చూశాను. ఇన్నాళ్ళూ దాన్ని చూసి కళ్ళల్లో నిప్పులు పోసుకున్నదాన్ని, ఆ నిమిషాన లోపల్లోపల దాన్ని బతిమాలుకున్నాను. ఒసేయ్ సవతీ, నీ కాళ్ళు పట్టుకుంటానే, ఇవాళ ఒక్కసారి కదలవే. ఆయన్ని గల్లాలో కూర్చోబెట్టకే. రేపటినుంచి ఆయన పొద్దున్నే నిన్నే అడగనీ, రోజంతా నిన్నే అడగనీ, నేను కిక్కురుమనను.

కట్టర్ కదిలింది. చప్పుడు మొదలైంది, సన్నగా, ఒకేలా. పావు దాటింది. సగానికి వస్తోంది. సగం దగ్గర నెమ్మదించింది. నేను స్కేలుని ఇంకా గట్టిగా అదిమాను. ఆయన బిగుసుకోలేదు. తల ఒక పక్కకి వంచాడంతే, ఎవరో చెప్పేది వింటున్నట్టు. చప్పుడు ఆగలేదు. నెమ్మదిగానే, అలాగే, సగం దాటింది. దాటాక వేగం అందుకుంది. కట్టర్ నా అరచేతుల దాకా వచ్చి అంచు దిగింది.

కింద నుంచి టకటకమని తట్టి, బల్ల అంచుకి జరిపి ఒక్కసారి కిందికి నొక్కాడు. పలక గీత వెంట తిన్నగా విడిపోయింది.

స్టూలు మీదతను లేచి వచ్చి, అంచు మీద గోరు పెట్టి చూసి, "బాగా పడిందన్నా" అని వెళ్ళిపోయాడు. మా బావగారు రుమాలుతో మెడ తుడుచుకున్నారు. "మిగతావి కూడా కానివ్వరా," అన్నారు. మా తోడికోడలు గల్లాలో ఇంకాస్త గట్టిగా సర్దుకుని కూర్చుంది.

మా ఆయన కుడిచేతిని ఎత్తి చూసుకున్నాడు. ఎర్రగా కందిన నా రెండు అరచేతులూ స్కేలు మీదే ఉన్నాయి. ఇప్పుడు నా వైపు చూస్తాడు, ఇప్పుడు చూస్తాడు అనుకున్నాను.

"డాక్టరమ్మకి చెప్పాలి," అన్నాడు.

చాల్లే సంబడం! రోజంతా మిగతా పలకలకి స్కేలు పట్టాను. పెదవి విప్పలేదు. బతిమాలుకున్నది నేను, స్కేలు అదిమి పట్టింది నేను, చెప్పాల్సింది మాత్రం ఆవిడకి. ఆయనకి నా మౌనం తెలిసిందో లేదో కూడా తెలియదు. బల్ల మీద పలక తర్వాత పలక విడిపోతుంటే ఆయన మొహం పెళ్ళికొడుకులా ఉంది.

సాయంత్రం కొట్టు మూసి ఇద్దరం ఇంటికి బయల్దేరాం. బజారు మొదట్లోనే నేను ఎడమ పక్కకి వెళ్ళి నడవడం మొదలుపెట్టాను. కావాలనే. నీ చెయ్యి, నీ డాక్టరమ్మ, మీ గొడవ మీరే పడండి అనుకున్నాను. చెప్పుల దుకాణం దాటామో లేదో ఆయన అడుగు ఆగిపోయింది.

"అటెందుకు వెళ్ళావు?"

"ఎటు వెళ్తే నీకేం?"

"కాదు, ఎప్పుడూ ఇటు నడుస్తావుగా. కుడివైపు." మొహం ముడేసి ఆలోచించాడు. అచ్చం ఆ గదిలో వెతికినట్టే వెతికాడు. "ఇప్పుడనిపిస్తోంది. ఎప్పుడూ కుడివైపే ఎందుకు నడుస్తావు?"

జనం మమ్మల్ని తోసుకుంటూ పోతున్నారు. జవాబు ఎన్నాళ్ళుగానో నా నాలిక చివరే ఉంది.

"ఎందుకేమిటి? నీ చేతికి ఎవడూ తగలకుండా."

"నా చేతికా?"

"పెళ్ళయిన కొత్తలో బస్సు దిగుతుంటే ఎవడో పెట్టె తగిలించాడు. వాపు తగ్గేదాకా కట్టర్ పట్టలేక మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నావు. నాతో మాట కూడా లేదు. అప్పటినుంచి కుడివైపే నడుస్తున్నాను. సైకిళ్ళూ సంచులూ నాకే తగులుతాయి."

"నాకు తెలీదే," అన్నాడు.

"నువ్వెప్పుడైనా అడిగావా?"

ఆయన ఏదో అనబోయాడు. అంతలో వెనక నుంచి గంట కొట్టుకుంటూ ఒక సైకిలు మీదికి వచ్చేసింది. నేనెప్పుడు ఇటు దూకానో నాకే తెలియదు. ఆయన కుడి పక్కకి వచ్చి, ఎడమచెయ్యి అడ్డం పెట్టాను. హ్యాండిల్ నా ముంజేతికి రాసుకుని వెళ్ళిపోయింది. వాణ్ణి నాలుగు తిట్టి వెనక్కి తిరిగేసరికి నా చెయ్యి ఆయన చేతిలో ఉంది. కుడిచేతిలో. నా సవతి వెచ్చగా ఉంది.

ఆయన నా వేళ్ళని ఒక్కొక్కటే విప్పి చూస్తున్నాడు. బొటనవేలి దగ్గర ఆగాడు. నలుపు సగం పైకి జరిగి, కింద కొత్త గోరు తెల్లగా వస్తోంది.

"ఏమైంది ఈ గోటికి?"

నాకు ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది. ఇంత ఆలస్యంగానా అని వాయించేయాలనిపించింది.

"చెప్పను," అన్నాను.

"ఎందుకు చెప్పవు?"

"ఇంకోసారి అడుగు."

నడిబజారులో, దారికి అడ్డంగా నిలబడి, నా చెయ్యి వదలకుండా, మా ఆయన మళ్ళీ అడిగాడు.